స్పానిష్‌లో 'నాకు తెలుసు' అనడం ఎలా?

ఇంటర్ తర్వాత విదేశీ భాష చదవాలనుకునే మన హాస్టల్ తమ్ముళ్ల కోసం ఈ నాలుగు మాటలు. హైదరాబాదులో 1958లో మొదలై, 2007లో కేంద్ర విశ్వవిద్యాలయమైన ఇఫ్లూలో స్పానిష్ నేర్పుతారు. చంద్రగిరి నుంచి వెళ్లే మనకు అది అందని భాషేమీ కాదు.

'వస్తాను' అంటే చాలు, 'నేను' అని వేరుగా చెప్పనక్కర లేదు కదా! స్పానిష్ కూడా అంతే. మన 'ను' లాగా అక్కడ క్రియ చివర 'ఓ' వస్తుంది. ఆబ్లార్ అంటే మాట్లాడటం; ఆబ్లో అంటే మాట్లాడతాను. కొమేర్ అంటే తినడం; కోమో అంటే తింటాను.

చిక్కంతా ఈ దారికి రాని క్రియలతోనే. వాటిని గుంపులుగా నేర్చుకుంటే సులువు.

'గో' గుంపు: తేంగో (నా దగ్గర ఉంది), ఆగో (చేస్తాను), పోంగో (పెడతాను), సాల్గో (బయటికి వెళ్తాను), బెంగో (వస్తాను), దీగో (చెబుతాను).

'ఓయ్' గుంపు: బోయ్ (వెళ్తాను), దోయ్ (ఇస్తాను). 'నేను ఫలానా' అనడానికి సోయ్, 'ఫలానా చోట ఉన్నాను' అనడానికి ఎస్తోయ్.

ఒంటరిది: సబేర్ అంటే తెలియడం. 'నాకు తెలుసు' అనాలంటే 'సాబో' కాదు, 'సే'.

ఇవన్నీ రోజూ వాడే మాటలే. పదే పదే నోట్లో నానే మాటలే పాత రూపాన్ని వదలవు. మన తెలుగు చూడండి. 'పో'కు 'పోతాను' సరే, 'రా'కు మాత్రం 'వస్తాను'. తెలుగు కొత్తగా నేర్చుకునేవాడు 'రాతాను' అంటే అది తెలివితక్కువతనమా? కాదు, సూత్రం పట్టుకున్నాడని అర్థం.

స్పానిష్ పసిపిల్లలు కూడా మొదట 'సాబో' అనే అంటారు. అమెరికాలో పుట్టి, ఇంటిభాష సరిగా రాని స్పానిష్ కుటుంబాల పిల్లలను 'నో సాబో' పిల్లలని ఎగతాళి చేస్తారు. ఆ మాటకు వెరచి నోరు మూసుకున్నవాళ్లున్నారు. అదే పేరును గర్వంగా చెప్పుకుంటూ భాష నేర్చుకుంటున్నవాళ్లూ ఉన్నారు.

ఈ బాధ మనకు కొత్త కాదు. ఇంగ్లీషులో తప్పు పోతే నవ్వుతారని క్లాసులో చివరి బెంచీలో దాక్కున్నవాళ్లమే మనం. తమ్ముళ్లారా, స్టడీ అవర్‌లో రోజుకు రెండు క్రియలు పైకి చదవండి. పక్కవాడు 'సాబో' అంటే నవ్వకండి, 'సే' అని అందించండి. తప్పు దిద్దుకోవచ్చు, మూసిన నోటిని ఎవరు దిద్దగలరు?