సరిహద్దులో భర్త, సంసార భారం ఆమెపై

సియాచిన్ వంటి ప్రాంతాలకు బదిలీ అయిన జవాను కుటుంబాన్ని వెంట తీసుకువెళ్లేందుకు వీలుండదు. ఏడాదికి 60 రోజుల వార్షిక సెలవు, 30 రోజుల క్యాజువల్ సెలవు పోగా, మిగతా కాలమంతా పిల్లల చదువు, అత్తమామల వైద్యం, పొలం గట్టు తగాదాలు భార్యే చూసుకోవాలి. ‘మిలటరీ మాధవరం’గా పేరుపడిన పశ్చిమ గోదావరి జిల్లా గ్రామానికి ఇది తరతరాల అనుభవం.

ఒంటరితనం మాట అటుంచితే, అడుగడుగునా అడ్డుపడేది సంతకం. భర్త ఒక్కడి పేరిట ఉన్న బ్యాంకు ఖాతాను గాని, భూమిని గాని ఆమె కదపలేదు. అందుచేత ఉమ్మడి ఖాతా, పవర్ ఆఫ్ అటార్నీ అతడి ప్రయాణానికి ముందే సిద్ధం కావాలి. వివాహం, పిల్లల జననం రెజిమెంటు రికార్డులకు ఎక్కాయో లేదో చూసుకోవడం మరీ ముఖ్యం. ఎక్కకపోతే రేపు కుటుంబ పింఛనుకే చిక్కు.

యుద్ధ పరిస్థితుల్లో పనిచేస్తున్న సైనికునిపై దావా విచారణను నిలుపుచేయించే చట్టం 1925 నుంచీ ఉంది. కోర్టు నోటీసు అందితే ఇల్లాలు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాన్ని వెంటనే సంప్రదించవచ్చు.