చెరకు రసంలో ఆవర్తన పట్టిక

రసాయనశాస్త్ర తరగతిలో నూతనంగా అడుగిడిన విద్యార్థి, గోడకు వ్రేలాడు ఆవర్తన పట్టికను చూచి భయపడుట సహజం. 118 మూలకాలను కంఠస్థం చేయవలెనని తలచి, ఈ శాస్త్రం తనకు అందనిదని ఆనాడే నిశ్చయించుకొనువారు కూడా కలరు. ఈ భయం నిరాధారమైనది. ఆ పట్టిక వల్లె వేయుటకు కాదు, చదివి అర్థం చేసికొనుటకు ఏర్పడినది.

ఉదాహరణకు దూరం పోనక్కరలేదు. పూర్వం విశాఖపట్నం జిల్లాలోను, 2022 నుండి అనకాపల్లి జిల్లాలోను ఉన్న మన గోవాడ పేరు వినగానే సహకార చక్కెర కర్మాగారం స్ఫురిస్తుంది. గానుగ నుండి వచ్చిన చెరకు రసం మురికిగా, కొంచెం ఆమ్లగుణంతో ఉంటుంది. చక్కెర తయారీలో ఆ రసాన్ని వేడిచేసి, సున్నం కలిపిన నీటిని, గంధకాన్ని మండించగా వచ్చే వాయువును అందులో కలుపుతారు. మడ్డి అడుగుకు దిగి, తేట రసం పైన నిలుస్తుంది. బెల్లం వండే రైతు పెనంలో సున్నం వేయుట కూడా ఇందుకే. ఈ పనికి సున్నమే ఎందుకు?

సమాధానం పరమాణువులో ఉన్నది. పరమాణువు నడుమ అతి చిన్న కేంద్రకం ఉన్నదని 1911లో రూథర్‌ఫర్డ్ తెలిపెను. అందలి ప్రోటాన్ల సంఖ్యయే పరమాణు సంఖ్య. మూలకాల వరుసకు ఆ సంఖ్యయే ఆధారమని 1913లో మోస్లే ఎక్స్-కిరణాల ద్వారా చూపెను. ప్రోటాన్లు ఎన్నియో, కేంద్రకం చుట్టూ ఎలక్ట్రాన్లు అన్నియే. సున్నంలోని కాల్షియం సంఖ్య 20. దాని ఎలక్ట్రాన్ల అమరిక 2, 8, 8, 2. చివరి రెండింటిని అది సులభంగా విడిచిపెడుతుంది. గంధకం, ఆక్సిజన్ కలిసిన సల్ఫైట్ సమూహం వాటిని గ్రహిస్తుంది. ఇట్లు ఏర్పడిన కాల్షియం సల్ఫైట్ నీటిలో దాదాపు కరగదు. మలినాలను వెంటబెట్టుకొని అడుగుకు చేరుతుంది. సున్నం రసంలోని ఆమ్లగుణాన్ని కూడా పోగొడుతుంది.

ఇక పట్టికను చూడుడు. గంధకం సంఖ్య 16, అమరిక 2, 8, 6. ఆక్సిజన్ సంఖ్య 8, అమరిక 2, 6. రెండింటికీ చివర ఆరే. కనుకనే అవి ఒకే నిలువు వరుసలో ఉన్నవి. నిలువు వరుస అనగా గుణాలు పోలిన కుటుంబం.

ఎలక్ట్రాన్ అన్నది ఇంకా తెలియని 1869లోనే మెండలీఫ్, నాటికి తెలిసిన 63 మూలకాలను గుణాలను బట్టి అమర్చి, కొన్ని గళ్ళను ఖాళీగా విడిచెను. అల్యూమినియం క్రింది గడిలో రాగల మూలకపు సాంద్రత సుమారు 5.9 ఉండునని చెప్పెను. 1875లో గాలియం దొరికినది. మొదట కొలువగా 4.7 వచ్చినది, శుద్ధిచేసి మరల కొలువగా 5.9 తేలినది! వల్లె వేసినవానికి ఈ ధైర్యం కలుగునా?

విద్యార్థి మిత్రులారా! మెగ్నీషియం సంఖ్య 12. పుస్తకం మూసి, దాని ఎలక్ట్రాన్లను అమర్చి, అది ఏ కుటుంబానిదో మీరే చెప్పండి. 2, 8, 2 అని వ్రాసి కాల్షియం పై గడిలో నిలిపితిరా? అయినచో పట్టికను చదువుట మీకు వచ్చినట్లే.