పొలము పనిలో స్త్రీల పాలు: లెక్క తీయుట ఎట్లు?

1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన పిదప, కాలువల నీటితో గోదావరి డెల్టాలో వరి ప్రధానమైన పంట యైనది. అక్కడ మొదటి పంటను సార్వా యనియు, రెండవ పంటను దాళ్వా యనియు అందురు. దుక్కి దున్నుట, గట్లు వేయుట సాధారణముగా పురుషుల పనులు. ఊడ్పులు, కలుపుతీత ఎక్కువగా స్త్రీలు చేయుదురు. ఈ సంగతి ఊరిలో చిన్నపిల్లలకు కూడ తెలియును. కాని లెక్కల పుస్తకములు తెరచి చూచినచో ఈ స్త్రీలలో పలువురు కనబడరు. దీనికి కారణమేమి?

కారణము చాలవరకు ప్రశ్న అడిగిన తీరులో ఉన్నది. సేద్యము వంటి పనులలో, పనుల కాలమున ఎక్కువ భాగము రోజునకు ఒక గంటకు మించి క్రమముగా పనిచేసిన వారిని 1961 జనాభా లెక్కలలో పనివారుగా గుర్తించిరి. 1971లో పద్ధతి మారినది. ముఖ్యమైన వ్యాపకమేమి అని అడిగిరి. వంట, పిల్లల పెంపకము చూచుకొనుచు పొలమునకు కూడ పోవు స్త్రీ విషయములో 'ఇంటిపని' అను జవాబు సహజముగా వచ్చును. దేశము మొత్తము మీద పనివారుగా లెక్కకు వచ్చిన స్త్రీలు 1961లో సుమారు 6 కోట్లు కాగా, 1971లో సుమారు 3 కోట్లు మాత్రమే. పదేండ్లలో సగము మంది స్త్రీలు చేలు విడిచిపోలేదు. మారినది చాలవరకు ప్రశ్నయే. 1991లో ఈ లోపమును సవరించుటకై, సొంత పొలములో కూలి లేకుండ చేసిన పని కూడ పనియేనని ప్రశ్నలోనే చేర్చిరి.

ఎట్లు అడిగితిమన్నదే కాదు, ఎప్పుడు అడిగితిమన్నదియు ముఖ్యమే. వేసవిలో మరమ్మతులకై కాలువలు కట్టివేసిన దినములలో వెళ్లి, గడచిన వారములో ఏ పని చేసితిరని అడిగినచో ఊడ్పుల ఊసే రాదు. అందుచేత సంవత్సరమును నాలుగు భాగములు చేసి, అన్ని ఋతువులలోను వివరములు సేకరించు పద్ధతిని జాతీయ నమూనా సర్వేలలో అనుసరించిరి. 2019లో దేశమంతట జరిగిన కాలవినియోగ సర్వే మరియొక మార్గము చూపినది. అందులో ముందునాటి ఉదయము 4 గంటలు మొదలు ఒక దినమంతయు ఎట్లు గడచినదో అరగంట చొప్పున అడిగి వ్రాసికొనిరి. ఇట్లు అడిగినప్పుడు పాలు పితుకుట, చేనికి అన్నము మోయుట, కలుపుతీత దేనికది వేరుగా బయటపడును. 'ముఖ్యమైన పని' అను ఒక్క మాట క్రింద మరుగుపడవు.

శ్రమను గంటలలో కొలువవచ్చును. నిర్ణయమును కొలుచుట అంతకంటె కష్టము. ఇంటిలో నిర్ణయములు ఎవరు చేయుదురని అడిగినచో, 'ఇద్దరము కలిసి' అను జవాబు తేలికగా వచ్చును. అందులో భార్య సలహా చెప్పినదో, భర్త చెప్పినది విని ఊరకున్నదో తెలియదు. దాళ్వాకు ఏ వంగడము వేయవలెనని ఎవరు తేల్చిరి? ధాన్యము ఎప్పుడు అమ్మవలెనని ఎవరనిరి? అప్పు తెచ్చునప్పుడు ఎవరిని అడిగిరి? వచ్చిన డబ్బు ఎవరి చేతిలో ఉన్నది? ఇట్లు జరిగిన సంగతులను ఒక్కొక్కటిగా అడుగవలెను. 2012లో రూపొందిన వ్యవసాయములో స్త్రీల సాధికారత సూచిక ఈ దారినే పట్టినది. ఉత్పత్తి, వనరులు, ఆదాయము, నాయకత్వము, కాలము అను ఐదు విషయములలో అది ప్రశ్నలు వేయును. ఒకే ఇంటిలోని స్త్రీని, పురుషుని వేరువేరుగా అడుగుదురు. ఇద్దరి జవాబులు కలియనిచోట ఒకదానిని కొట్టివేయరాదు. ఆ భేదమే విలువైన సమాచారము.

ఇది కేవలము అంకెల ముచ్చట కాదు. 2015-16 వ్యవసాయ గణనలో దేశములోని కమతములలో సుమారు 14 శాతము మాత్రమే స్త్రీల నిర్వహణలో ఉన్నట్లు నమోదైనది. కమతము నిర్వహించువారెవరని అడిగిన లెక్క వేరు, మడిలో వంగి నాటినదెవరని అడిగిన లెక్క వేరు. పంట ఋణము, తుఫాను నష్టపరిహారము, శిక్షణ మొదలగునవి రైతుగా నమోదైన వారిని వెదకుకొని పోవును. ఆ పట్టీలో లేని స్త్రీకి అవి అందుట కష్టము. కోతయంత్రములు, వెదజల్లు సాగు వచ్చినచోట కూలిదినములు తగ్గును. అప్పుడు ఎవరికి ఎంత నష్టము కలిగినదో చెప్పుటకు, అంతకుముందు ఎవరు ఎన్ని దినములు పనిచేసిరో వ్రాసియుండవలెను. అందుచేత లెక్కలకు పోవువారు ఇంటి యజమాని మాటతో తృప్తిపడక, ఆ ఇంటి స్త్రీనే కలిసి, పనుల పేర్లు ఒక్కొక్కటి చెప్పి, ఆమె జవాబును ఆమె నోటనే వినవలెను.