శరీర ద్రవాలు - భౌతిక, రసాయన సూత్రాలు

శరీర ద్రవాలు అనగా మానవ శరీరంలోని కణాల లోపల, కణాల మధ్య, రక్తనాళాలలో ఉండే నీరు, అందులో కరిగిన లవణాలు, ఇతర పదార్థాలు. శరీర నిర్మాణాన్ని, శరీరధర్మాన్ని అధ్యయనం చేసేవారికి శక్తి, ఉష్ణం, పీడనం, గాఢత, వ్యాపనం, ద్రవాభిసరణం అనే భావనలు ముందుగా తెలిసి ఉండాలి. మన పాఠ్యపుస్తకాలలో ఇవి భౌతిక, రసాయన శాస్త్రాల పాఠాలలో ఒకచోట, మూత్రపిండం, గుండె జీవశాస్త్రంలో మరొకచోట వస్తాయి. అందువల్ల చాలామంది విద్యార్థులు రెండింటినీ కలిపి చూడరు. చెమట పట్టడం మొదలుకొని డయాలిసిస్ వరకు పనిచేసేవి ఈ కొద్ది సూత్రాలే.

శక్తి, ఉష్ణం

విజయనగరం జిల్లా నెల్లిమర్ల మండలంలోని రామతీర్థంలో బోధికొండ మీది కోదండరామాలయానికి భక్తులు మెట్లెక్కి వెళతారు. 60 కిలోల బరువున్న వ్యక్తి నిలువుగా 100 మీటర్ల ఎత్తు ఎక్కాడనుకుందాం. చేసిన పని = ద్రవ్యరాశి × గురుత్వ త్వరణం × ఎత్తు. అంటే 60 × 9.8 × 100 = 58,800 జౌళ్లు, సుమారు 14 కిలోకేలరీలు. అయితే కండరం ఖర్చు చేసే శక్తిలో నాలుగో వంతుకు మించి పనిగా మారదు. కాబట్టి మొత్తం ఖర్చు దాదాపు 56 కిలోకేలరీలు. మిగిలిన 42 కిలోకేలరీలు ఉష్ణంగా శరీరంలోనే విడుదలవుతాయి. అది బయటకు పోకపోతే దేహ ఉష్ణోగ్రత సుమారు 0.8 డిగ్రీల సెల్సియస్ పెరుగుతుంది.

ఈ ఉష్ణాన్ని తొలగించేది చెమట ఆరడమే కాని, చెమట పట్టడం కాదు. ఒక లీటరు చెమట ఆవిరి కావడానికి సుమారు 580 కిలోకేలరీలు కావాలి. ఆ లెక్కన పై ఉష్ణానికి 70 మిల్లీలీటర్ల చెమట పూర్తిగా ఆరితే చాలు. గాలిలో తేమ అధికంగా ఉండే కోస్తాలో చెమట ఆరక కారిపోతుంది. నీరు, ఉప్పు నష్టమవుతాయి, చల్లదనం మాత్రం రాదు. ఉక్కపోత ప్రమాదం ఇందులోనే ఉంది.

కండరానికి అందుబాటులో ఉండే శక్తి అడినోసిన్ ట్రైఫాస్ఫేట్ (ఏటీపీ) రూపంలో ఉంటుంది. 1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి 1927లో కండరంలోని ఫాస్ఫోక్రియాటిన్‌ను వెల్లడించారు. 1929లో జర్మనీకి చెందిన కార్ల్ లోమన్, విడిగా ఫిస్క్, సుబ్బారావు ఏటీపీని కనుగొన్నారు.

అయాన్లు, ఆమ్లత

60 కిలోల పురుషుడి శరీరంలో సుమారు 36 లీటర్ల నీరు ఉంటుంది. అందులో మూడింట రెండు వంతులు కణాల లోపలే ఉంటుంది. రక్తరసిలో సోడియం లీటరుకు 135-145 మిల్లీమోల్‌లు, పొటాషియం 3.5-5 మిల్లీమోల్‌లు. కణం లోపల ఇందుకు తారుమారుగా పొటాషియం అధికం, సోడియం స్వల్పం. ఈ తేడాను నిలపడానికి కణత్వచంలోని సోడియం-పొటాషియం పంపు ఒక ఏటీపీ అణువు ఖర్చుతో మూడు సోడియం అయాన్లను బయటకు పంపి, రెండు పొటాషియం అయాన్లను లోపలికి తెస్తుంది. నాడీ ప్రచోదనానికి, గుండె లయకు ఆధారం ఈ తేడాయే.

రక్తపు ఉదజని సూచిక 7.35-7.45 మధ్య ఉంటుంది. ఇది సంవర్గమాన కొలమానం కనుక ఒక అంకె తగ్గితే హైడ్రోజన్ అయాన్ల గాఢత పది రెట్లు పెరిగినట్లు.

వ్యాపనం, ద్రవాభిసరణం

కరిగిన పదార్థం గాఢత ఎక్కువగా ఉన్నచోటి నుండి తక్కువగా ఉన్నచోటికి విస్తరించడం వ్యాపనం. నీరు మాత్రమే దాటగల పొర అడ్డుగా ఉంటే, నీరే పలుచని ద్రావణం నుండి చిక్కని ద్రావణం వైపు కదులుతుంది. ఇది ద్రవాభిసరణం. మాగాయకు తరిగిన మామిడి ముక్కలలో ఉప్పు కలిపి మూడు రోజులు ఊరవేస్తే జాడీలో ఊట చేరడం అందరూ చూసినదే. ముక్కలోని కణాల నుండి నీటిని బయటి ఉప్పు లాగింది. ఎర్ర రక్తకణాలను చిక్కటి ఉప్పునీటిలో వేసినా అలాగే ముడుచుకుంటాయి. శుద్ధజలంలో వేస్తే ఉబ్బి పగిలిపోతాయి. సిరలోకి ఎక్కించే సెలైన్‌లో లీటరుకు 9 గ్రాముల ఉప్పు ఉండటానికి కారణం ఇదే. ఆ గాఢతలో కణం ముడవదు, పగలదు.

అతిసారంలో ఓ.ఆర్.ఎస్.

పేగు గోడలో గ్లూకోజు, సోడియం ఒకే వాహకం ద్వారా జంటగా లోపలికి వెళతాయని 1960లో రాబర్ట్ క్రేన్ ప్రతిపాదించాడు. వాటి వెంట నీరు వెళుతుంది. అతిసారంలోనూ ఈ మార్గం చాలావరకు పనిచేస్తూనే ఉంటుంది. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల మధ్య బన్‌గావ్‌లో సెలైన్ సరిపోని స్థితిలో డాక్టర్ దిలీప్ మహాలనబిస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీటిని తాగించి కలరా మరణాలను సుమారు 30 శాతం నుండి 4 శాతం లోపుకు తగ్గించగలిగారు.

2002 నుండి ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తున్న మిశ్రమంలో లీటరు నీటికి 2.6 గ్రాముల ఉప్పు, 13.5 గ్రాముల గ్లూకోజు, 1.5 గ్రాముల పొటాషియం క్లోరైడ్, 2.9 గ్రాముల సోడియం సిట్రేట్ ఉంటాయి. ఇంట్లో అయితే లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు (చెంచా అంటే టీ చెంచా, తలకొట్టి కొలవాలి). "కాస్త ఎక్కువైతే ఇంకా బలం" అనుకోవడం ప్రమాదకరం. ద్రావణం రక్తం కంటే చిక్కనైతే మాగాయ జాడీలో జరిగినదే పేగులో జరిగి, నీరు శరీరం నుండి పేగులోకి వస్తుంది. పంచదార అధికంగా ఉండే శీతల పానీయాలూ అంతే. విరేచనాలవుతున్న బిడ్డకు నీళ్లు ఆపివేయడం అంతకన్నా పెద్ద పొరపాటు.

మూత్రపిండం, డయాలిసిస్

మూత్రపిండంలో మొదటి మెట్టు పీడనంతో జరిగే వడపోత. రక్తకేశనాళికా గుచ్ఛంలో రక్తపీడనం సుమారు 60 మిల్లీమీటర్ల పాదరసం. దానికి ఎదురుగా రక్తంలోని ప్రోటీన్లు నీటిని పట్టి ఉంచే పీడనం 32, బౌమన్ గుళికలోని పీడనం 18. మిగిలేది 10 మాత్రమే. ఆ కొద్దిపాటి పీడనంతోనే రోజుకు సుమారు 180 లీటర్లు వడపోతకు గురవుతుంది. అందులో మూత్రంగా పోయేది ఒకటి, రెండు లీటర్లే, తక్కినది తిరిగి రక్తంలో కలుస్తుంది. రక్తపీడనం బాగా పడిపోతే మూత్రం ఎందుకు ఆగిపోతుందో ఈ తీసివేత చెబుతుంది.

మూత్రపిండాలు విఫలమైనప్పుడు ఆ పనిలో కొంత భాగాన్ని వ్యాపనానికి అప్పగిస్తారు. డయాలిసిస్ అనే పేరు 1861లో థామస్ గ్రాహం పెట్టినది. 1943లో నెదర్లాండ్స్‌లో విల్లెమ్ కోల్ఫ్ సెల్లోఫేన్ గొట్టాలతో తొలి కృత్రిమ మూత్రపిండాన్ని రోగికి ఉపయోగించాడు. పలుచని పొరకు ఒకవైపు రక్తం, మరొకవైపు ద్రావణం ప్రవహిస్తాయి. ద్రావణంలో యూరియా ఉండదు కనుక రక్తంలోని యూరియా అటు దాటుతుంది. సోడియం రెండు వైపులా ఇంచుమించు సమానంగా ఉంచుతారు కనుక పెద్దగా నష్టం కాదు. రక్తకణాలు, పెద్ద ప్రోటీన్లు ఆ రంధ్రాలలో పట్టవు. నిమిషానికి 500 మిల్లీలీటర్ల చొప్పున నాలుగు గంటలకు 120 లీటర్ల ద్రావణం కావాలి. రక్తానికీ దానికీ మధ్య ఉన్నది ఆ పొర ఒక్కటే కాబట్టి ఆ నీటిని అత్యంత శుద్ధంగా తయారుచేస్తారు.

ఉత్తరాంధ్రలో ఈ పాఠం పుస్తకానికి పరిమితమైనది కాదు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలోని కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు తదితర మండలాలలో దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి దశాబ్దాలుగా విస్తృతంగా ఉంది. ఇక్కడి రోగులలో చాలామందికి మధుమేహం లేదు. తాగునీటిలోని ఖనిజాలు, పురుగుమందులు, జన్యు కారణాలు, ఎండలో శ్రమించేవారిలో పదేపదే కలిగే నిర్జలీకరణం పరిశోధనలో ఉన్న అంశాలు. ఏ ఒక్కటీ కారణంగా నిర్ధారణ కాలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ పరిశోధన ఆసుపత్రిని, ఉద్దానం గ్రామాలకు నదీజలాలను శుద్ధిచేసి అందించే పథకాన్ని ప్రారంభించారు. ఈ వ్యాధి తొలి దశలలో బాధ కలిగించదు. రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్షలే దానిని ముందుగా పట్టిస్తాయి.