32 బార్ల పాట - రెండు గిటారులు

సంగీత సభలో గాయకుడొక కీర్తన నెత్తుకొనును. అంతకు మునుపెన్నడును ఆయన ప్రక్కన కూర్చుండని వయొలిను విద్వాంసుడును, మృదంగ విద్వాంసుడును దాని నందుకొందురు. ముందుగా రిహార్సలు జరుగలేదు. ఆ కీర్తన అందరి సొత్తగుటచేతనే అది సాధ్యమగుచున్నది. జాజ్ సంగీతమున ‘స్టాండర్డు’ అనునది ఇట్టి ఉమ్మడి సొత్తు. 1920 మొదలు 1950 దాక అమెరికాలో నాటకశాలల కొరకును, సినిమాల కొరకును కట్టబడిన పాటలలో కొన్నింటిని జాజ్ వాద్యకులు తమవిగా చేసికొనిరి. డ్యూక్ ఎల్లింగ్టను వంటివారు స్వయముగా కట్టిన పాటలును వానిలో చేరినవి. పరిచయము లేని నలుగురు వాద్యకులు ఒకచోట కలిసి, పాట పేరును, శ్రుతిని చెప్పుకొనిన చాలును, వాయింపవచ్చును.

ఈ సంగీతమును లోకమునకు చేరవేయుటలో రేడియో వహించిన పాత్ర చిన్నది కాదు. 1955లో వాయిస్ ఆఫ్ అమెరికా షార్టువేవు ప్రసారములలో విల్లిస్ కొనోవరు జాజ్ కార్యక్రమమును ప్రారంభించెను. ఆంగ్లము అంతంతమాత్రముగా వచ్చినవారికి సైతము తెలియునట్లు ఆయన మెల్లగా, మాట మాట విడదీసి పలికెడివాడు. 1963లో ఎల్లింగ్టను తన బృందముతో మన దేశమునకు వచ్చి వాయించెను.

ఇక గిటారు సంగతి. మన కోస్తా ఊళ్లలో గిటారు కొత్త వాద్యము కాదు. చర్చిలలో అది యున్నది. పెండ్లిపందిళ్ల యెదుట సినిమా పాటలు వాయించు ఆర్కెస్ట్రాలలో నున్నది. నెల్లూరు వారైన ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం సినిమా గాయకుడుగా స్థిరపడక పూర్వము మద్రాసులో నడపిన లైట్ మ్యూజిక్ బృందమున గిటారు పట్టినవారిలో ఇళయరాజా, గంగై అమరన్ సోదరులుండిరి. అది జాజ్ బృందము కాదు. అయినను నలుగురు కూడి, ఒకరి వలన నొకరు పాట నేర్చుకొను పద్ధతి అచ్చటను ఇచ్చటను ఒక్కటే.

చెన్నై-విజయవాడ రైలుమార్గమున గూడూరునకును నెల్లూరునకును నడుమ మనుబోలు గలదు. మనుబోలులో ఒక గిటారు, గూడూరులో ఒక గిటారు ఉన్నవనుకొందము. ఈ ఇరువురును జాజ్ స్టాండర్డు నేర్వదలచినచో ఎట్లు? ఎవరి ఇంట వారు ఫోను ముందు పెట్టుకొని నేర్వవచ్చును గదా యని పలువురు తలచుచున్నారు. కొంతవరకు నేర్వవచ్చును. కాని ఒంటరిగా నేర్చినవాడు రెండవవానితో కూర్చుండినంతనే తడబడును. దానికి కారణము ఈ సంగీతపు కట్టుబాటులోనే యున్నది.

మన సంగీతమున తంబూరా శ్రుతి మొదటినుండి తుదివరకు కదలదు. జాజ్‌లో కాలి క్రింది నేల బారు బారునకు కదలుచుండును. బారు అనగా సాధారణముగా నాలుగు మాత్రల కాలము. ప్రతి బారునకును, లేదా రెండు బార్లకును, ఒక కార్డు, అనగా ఒక్కమారుగా మ్రోగు కొన్ని స్వరముల కూర్పు, మారుచుండును. అనేకమగు స్టాండర్డులలో ఎనిమిది బార్ల భాగమొకటి రెండుమారులు వచ్చి, వేరొక ఎనిమిది బార్ల భాగము నడుమ దూరి, మొదటి భాగము మరల వచ్చును. మొత్తము 32 బార్లు. పాటను ఒకమారు యథాతథముగా వాయించి, పిమ్మట ఆ 32 బార్ల చుట్టునే త్రిప్పుచు మనోధర్మమును ప్రదర్శింతురు. మన కల్పనస్వరముల వంటిదే; అయితే అడుగున కార్డుల వరుస తప్పరాదు.

ఇంట హార్మోనియము ఉన్నవారు ఈ క్రింది దానిని వాయించి చూడవచ్చును. శంకరాభరణ స్వరములలో ‘రి మ ద స’ ఒక కార్డు. ‘ప ని రి మ’ రెండవది. ‘స గ ప ని’ మూడవది. షడ్జమమును సి అనుకొన్నచో వీనినే డి మైనర్ సెవెన్త్, జి సెవెన్త్, సి మేజర్ సెవెన్త్ అందురు. జాజ్ పాటలలో ఈ మూడింటి వరుస ఎన్నిమారులు వచ్చునో లెక్కలేదు. ఒక్కొక్క కార్డునుండి రెండేసి స్వరములను మాత్రము తీసికొనుడు: మొదట మ, స, తరువాత మ, ని, అటుపిమ్మట గ, ని. మొదటి అడుగులో ‘మ’ నిలిచియుండగా ‘స’ అర్ధస్వరము దిగి ‘ని’ యగుచున్నది. రెండవ అడుగులో ‘ని’ నిలిచియుండగా ‘మ’ దిగి ‘గ’ యగుచున్నది. ఒక వ్రేలు నిలువ, ఒక వ్రేలు కదలును. గిటారుపై ఇది రెండు తంత్రుల పని. ఆరు తంత్రులను నింపు పెద్ద పెద్ద కార్డులతో ప్రారంభించువారు మాకు వృథాశ్రమ పడుచున్నట్లు తోచును.

ఆ రెండు స్వరములను ఒకరు కాలము తప్పక వాయించుచుండగా రెండవవారు పాట వాయింపవలెను. తరువాత పాత్రలు మార్చుకొనవలెను. ఇందుకే రెండవ గిటారు అవసరము. కౌంట్ బేసీ బృందమున ఫ్రెడ్డీ గ్రీన్ 1937 మొదలు 1987లో మరణించువరకు గిటారు వాయించెను. ఆ యర్ధశతాబ్దమున ఆయన ముందునకు వచ్చి ఒంటిగా వాయించుట మిక్కిలి అరుదు. నాలుగు మాత్రలను నాలుగు మీటులుగా పలికించుటయే ఆయన కొలువు. జో పాస్ 1973లో తోడు లేకయే ఒక్క గిటారుతో ‘వర్చువోసో’ రికార్డు నిచ్చినమాట నిజమే. కాని అప్పటికి ఆయన ఇతరులతో వాయించి యెన్నో ఏండ్లు గడచినవి.

మొదటి పాటగా ‘ఆటమ్ లీవ్స్’ను మేము సూచింతుము. జోసెఫ్ కోస్మా ఫ్రాన్సులో కట్టిన ఈ పాటలో పైన చెప్పిన మూడు కార్డుల నడక ఒకమారు మేజరులోను, వెంటనే దాని సంబంధి యగు మైనరులోను వచ్చును. కనుక ఒక్క పాటతో రెండు పాఠములు చెల్లును. రెండవ పాటగా గెర్ష్విను 1930లో కట్టిన ‘ఐ గాట్ రిథమ్’ తగినది. దాని కార్డులమీద ఇతరులు కట్టిన కొత్త పాటలనేకము: 1940 నాటి ఎల్లింగ్టను ‘కాటన్ టెయిల్’ అట్టిది, సోనీ రోలిన్స్ ‘ఓలియో’ అట్టిది. ఒక వరుస చేతికి వచ్చిన, పది పాటలకు తలుపు తెరచుకొనును.

పాటను ఎక్కడనుండి గ్రహింపవలెను? 1970 దశకపు నడుమ బోస్టనులోని బర్క్లీ సంగీత కళాశాల విద్యార్థులు ‘రియల్ బుక్’ అను స్వరలిపి గ్రంథమును తయారుచేసిరి. హక్కుదారుల యనుమతి లేనందున అది చాటుమాటుగా అమ్ముడుపోయెడిది. అందలి తప్పులును దానితోపాటు ఊరూర వ్యాపించినవి. 2004లో గాని అనుమతితో కూడిన ముద్రణ రాలేదు. కాగితము జ్ఞాపకమునకు ఆసరా. వినికిడికి అది బదులు కానేరదు. వెస్ మాంట్‌గోమరీ యువకుడై యుండగా చార్లీ క్రిస్టియను రికార్డులను విని, ఆ వాదనమునే స్వరము స్వరముగా గిటారుపైకి తెచ్చుకొనెను. జాంగో రైన్‌హార్ట్‌నకు స్వరలిపి చదువుట రాదు. 1928లో అగ్నిప్రమాదమున ఎడమచేతి రెండు వ్రేళ్లు చెడినను ఆయన వాదనమునకు కొదువ రాలేదు.

కావున మనుబోలు వాద్యకుడు పాటను మొదట నోట పాడుకొని, పిదప తీగపై పట్టి, కార్డులను తన చేతితో వ్రాసికొని గూడూరు బండి యెక్కవలెను. అచ్చట మిత్రుడు తాను విన్న రికార్డునుబట్టి వేరొక కార్డును సూచింపవచ్చును. అప్పుడు వాదము కన్న రికార్డును మరల పెట్టి వినుట మేలు. ఒకరి వంతు ముగిసి రెండవవారి వంతు వచ్చుటను 32వ బారు చెప్పును గాని, కన్నెత్తి చూచుట కూడ మంచి యలవాటే. శ్రుతి విషయము ముందే నిర్ణయించుకొనవలెను. గిటారుకు ఇ, ఎ శ్రుతులు సుఖమైనను, శాక్సఫోను వాద్యకుడెవరైన కలిసినచో ఆయన బి ఫ్లాట్, ఇ ఫ్లాట్ అడుగును.