కారెక్కిన వాల్వులు

వాల్వు రేడియో ఉన్న ఇళ్లవారికి తెలుసు: మీట తిప్పగానే పాట రాదు. లోపలి గాజు వాల్వులు ఎర్రగా కాగితే గాని అది నోరు విప్పదు. తెలుగు పాఠాలు చెప్పుకునే నాకు వాటి మీద మోజెందుకంటారా? పనిచేస్తున్నట్టు కంటికి కనబడే యంత్రం గనక.

ఆ వాల్వులనే కారులో పెట్టుకుని, దారి పొడుగునా దూరాలవారితో మాట్లాడుతూ పోయే సరదా అమెరికాలో ఔత్సాహిక రేడియోవారికి ఉండేది. 1959లో కాలిన్స్ కంపెనీ తెచ్చిన కె.డబ్ల్యు.ఎం-2 సెట్టు ఇంట్లో బల్లమీదా, కారులోనూ పనిచేసేది. దాని శక్తి సుమారు 100 వాట్లు. అది చాలక యాంప్లిఫయరు కూడా తగిలించేవారున్నారు. అలాంటి పాత సామాను బాగుచేసి వాడేవారు ఇప్పటికీ ఉన్నారు.

చిక్కల్లా కరెంటుతోనే. కారు బ్యాటరీ ఇచ్చేది 12 వోల్టులు. వాల్వులు అడిగేది 800, ఆ పైన. వెనకటికి డైనమోటరు, తరవాత ట్రాన్సిస్టర్లు ఆ వోల్టేజిని పెంచిపెట్టాయి. కాని 400 వాట్లు బయటికి పంపాలంటే కనీసం మరో అంత వేడిగా పోతుంది. గట్టిగా పలికినప్పుడల్లా బ్యాటరీ మీద సుమారు 80 ఆంపియర్ల బరువు! హెడ్‌లైట్లు రెండూ కలిసి తీసుకునేది పదికి మించదు.

ఇంతా చేసి, శక్తి నాలుగింతలైతే అవతలివారి మీటరులో ముల్లు ఇంచుమించు ఒక్క అంకె జరుగుతుంది. అదే 40 మీటర్ల తరంగానికి ఏరియల్ 10 మీటర్లుండాలి. కారు మీద నిలిచేది రెండు మూడు మీటర్లే. కనుక డబ్బూ శ్రద్ధా ముందు ఏరియల్ మీద పెట్టడమే తెలివి.

ఇంకొకటి ప్రాణం సంగతి. మీట ఆపినా కెపాసిటర్లలో ఆ 800 వోల్టులు కొంతసేపు నిలిచే ఉండవచ్చు. అవి దిగిపోయాయని మీటరుతో చూసుకోకుండా లోపల చెయ్యి పెట్టరాదు.