ఆట పాతదే, ఇంజిన్ కొత్తది: మొబైల్ గేమ్ ‘ఇల్లు’ మారితే మన ఫోన్‌లో ఏం జరుగుతుంది?

పిల్లలు రోజూ ఆడే గేమ్‌కు ఒకరోజు పెద్ద అప్‌డేట్ వస్తుంది. బొమ్మలు అవే, మ్యూజిక్ అదే. కానీ గురి ముందులా కుదరదు. కూడబెట్టిన కాయిన్లు కనబడవు. పాత ఫోన్‌లో అయితే గేమ్ తెరుచుకోనే తెరుచుకోదు. “ఫోన్‌ను ఏం చేశావ్?” అని ఇంట్లో పెద్దలు గద్దిస్తారు. కొన్నిసార్లు తప్పు పిల్లలదీ కాదు, ఫోన్‌దీ కాదు. ఆ గేమ్‌ను కంపెనీ ఒక ఇంజిన్ నుంచి మరో ఇంజిన్‌కు మార్చి ఉండొచ్చు. దీన్నే పోర్టింగ్ అంటారు.

ఇంజిన్ అంటే ఏమిటి?

గేమ్ తయారుచేసేవాళ్లు ప్రతిదీ మొదటి నుంచి రాసుకోరు. తెరపై బొమ్మ చూపించడం, సౌండ్ వినిపించడం, వేలితో తాకితే గుర్తించడం, వస్తువు కింద పడితే ఎలా దొర్లాలో లెక్కగట్టడం... ఈ పనులన్నీ చేసిపెట్టే సాఫ్ట్‌వేరే గేమ్ ఇంజిన్. యూనిటీ, అన్‌రియల్, గొడో ఇందులో పేరున్నవి. కొన్ని కంపెనీలు సొంత ఇంజిన్ కూడా రాసుకుంటాయి.

సామాను వస్తుంది, వైరింగ్ రాదు

కిరాయి ఇల్లు మారడం అందరికీ తెలిసిందే. అల్మారీ, మంచం, గిన్నెలు బండిలో వేసుకుని పోతాం. గోడల్లో వేయించిన వైరింగ్, నల్లా పైపులు మాత్రం వెంట రావు. కొత్త ఇంట్లో మళ్లీ వేయించుకోవాల్సిందే.

గేమ్ విషయంలోనూ అంతే. బొమ్మల ఫైళ్లు, పాటలు, త్రీడీ మోడళ్లు సామాను లాంటివి. చిన్న మార్పులతో కొత్త ఇంజిన్‌లోకి వెళ్తాయి. ప్రోగ్రామ్ కోడ్, స్క్రీన్ అమరికలు, రంగులు, వెలుగుల ఎఫెక్టులు వైరింగ్ లాంటివి. యూనిటీలో కోడ్ సీ షార్ప్ భాషలో రాస్తారు. గొడోలో ఎక్కువగా దాని సొంత భాష జీడీస్క్రిప్ట్ వాడతారు, సీ షార్ప్ కూడా నడుస్తుంది. అన్‌రియల్‌లో సీ ప్లస్ ప్లస్. భాష ఒకటే అయినా పని తీరదు. ‘ఈ బొమ్మను జరుపు’ అని ఒక ఇంజిన్‌కు చెప్పే ఆజ్ఞ మరో ఇంజిన్‌కు అర్థం కాదు. అందుకే కోడ్‌లో చాలా భాగం మళ్లీ రాయాల్సి వస్తుంది. యాడ్‌లు చూపించే భాగం, డబ్బు కట్టించుకునే భాగం, గూగుల్ లాగిన్ కూడా కొత్తగా కలపాలి.

గురి ఎందుకు తప్పుతుంది?

చిన్న చిన్న తేడాలే ఆట రుచిని మార్చేస్తాయి. ఉదాహరణకు యూనిటీ 2డీలో పైకి వెళ్లేకొద్దీ నిలువు కొలత పెరుగుతుంది. గొడో 2డీలో కిందికి వెళ్లేకొద్దీ పెరుగుతుంది. చూసుకోకుండా అంకెలను అలాగే దింపితే, పైకి ఎగరాల్సిన పిట్ట కిందికి పోతుంది.

ఇంకో తేడా ఉంది. వస్తువుల కదలికను యూనిటీ మామూలుగా సెకనుకు 50 సార్లు లెక్కగడుతుంది. గొడో 60 సార్లు లెక్కగడుతుంది. ఈ సెట్టింగ్ మార్చుకోవచ్చు. కానీ బరువు, రాపిడి, ఎగిరిపడటం లాంటివి రెండు ఇంజిన్లలో అచ్చం ఒకేలా ఉండవు. పాత గేమ్‌లో వెంట్రుకవాసి తేడాతో తగిలే దెబ్బ కొత్తదాంట్లో తప్పిపోతుంది. రోజూ ఆడే పిల్లలు దీన్ని వెంటనే పట్టేస్తారు.

యాంగ్రీ బర్డ్స్ చెప్పే పాఠం

ఫిన్లాండ్ కంపెనీ రోవియో 2009 డిసెంబర్‌లో యాంగ్రీ బర్డ్స్ విడుదల చేసింది. అది కంపెనీ సొంత ఇంజిన్‌పై నడిచేది. పిట్టలు ఎగరడం, కట్టెలు కూలడం లెక్కగట్టడానికి ఎరిన్ క్యాటో రాసి అందరికీ ఉచితంగా ఇచ్చిన బాక్స్2డీ వాడారు.

కాలం మారింది. యాపిల్ 2017లో ఐఓఎస్ 11తో పాత 32 బిట్ యాప్‌లను ఆపేసింది. గూగుల్ ప్లే 2019 ఆగస్టు నుంచి కొత్త యాప్‌లకు, అప్‌డేట్‌లకు 64 బిట్ తప్పనిసరి చేసింది. ఇలా ఫోన్లు, నియమాలు మారినప్పుడల్లా పాత ఇంజిన్‌ను బాగుచేస్తూ పోవాలి. 2019లో పాత యాంగ్రీ బర్డ్స్ స్టోర్ల నుంచి మాయమైంది. అభిమానులు గట్టిగా అడగడంతో రోవియో 2021లో బహిరంగ లేఖ రాసింది. పాతబడ్డ ఇంజిన్లను నిలబెట్టడం కష్టమైందని అందులో చెప్పుకుంది.

2022 మార్చిలో ఆ గేమ్ ‘రోవియో క్లాసిక్స్: యాంగ్రీ బర్డ్స్’ పేరుతో తిరిగొచ్చింది. పాత కోడ్‌ను సర్దలేదు, యూనిటీలో మొదటి నుంచి కట్టారు. ధర 99 సెంట్లు, అంటే డాలర్ కన్నా తక్కువ. ఒకసారి కొంటే చాలు, యాడ్‌లు లేవు, మధ్యలో మళ్లీ డబ్బు అడగదు.

ఏడాది కూడా నిండలేదు. 2023 ఫిబ్రవరిలో గూగుల్ ప్లే నుంచి దాన్ని తీసేశారు. యాప్ స్టోర్‌లో పేరు ‘రెడ్స్ ఫస్ట్ ఫ్లైట్’గా మార్చారు. తమ మిగతా గేమ్‌లపై దాని ప్రభావం పడుతోందని కంపెనీ చెప్పింది. అప్పటికే డౌన్‌లోడ్ చేసుకున్న ఫోన్లలో మాత్రం ఆడుకోవచ్చంది. అంటే ఇంజిన్ మార్పు అనే కష్టమైన పని పూర్తయింది, జనానికీ నచ్చింది, అయినా గేమ్ నిలవలేదు. గేమ్ బతుకు కోడ్ మీదే కాదు, వ్యాపార లెక్క మీద కూడా ఆధారపడుతుంది.

లెక్క తప్పితే ఇల్లు మారాల్సిందే

ఇంకొన్నిసార్లు ఇంజిన్ యజమానే కిరాయి పెంచుతాడు. యూనిటీ 2023 సెప్టెంబర్ 12న కొత్త ఫీజు ప్రకటించింది. 2024 జనవరి నుంచి, ఏడాది ఆదాయం 2 లక్షల డాలర్లు, మొత్తం ఇన్‌స్టాల్‌లు 2 లక్షలు దాటిన గేమ్‌కు ఆపై ప్రతి కొత్త ఇన్‌స్టాల్‌కు డబ్బు కట్టాలన్నది. చిన్న ప్లాన్ వాడేవాళ్లకు అమెరికా లాంటి దేశాల్లో ఒక్కో ఇన్‌స్టాల్‌కు 20 సెంట్లు. పరిమితి దాటాక అక్కడ ఇంకో లక్ష మంది దించుకుంటే 20,000 డాలర్లు కట్టాలి. వాళ్లు ఒక్క పైసా ఖర్చు పెట్టకపోయినా సరే!

గేమ్ తయారీదారులు మండిపడ్డారు. యూనిటీ నియమాలను సడలించింది, సీఈఓ తప్పుకున్నారు. 2024 సెప్టెంబర్‌లో ఆ ఫీజునే రద్దు చేసింది. ఈలోగా కొందరు ఇల్లు మారిపోయారు. ‘స్లే ద స్పైర్’ తయారుచేసిన మెగా క్రిట్ సంస్థ దాని రెండో భాగాన్ని యూనిటీ వదిలి గొడోకు మార్చింది. గొడో ఉచితం, దాని కోడ్ ఎవరైనా చూడొచ్చు, మార్చుకోవచ్చు. అయితే ఇంజిన్ ఉచితమైనా మారడం ఉచితం కాదు. కోడ్ తిరగరాసే నెలల జీతాలే అసలు ఖర్చు.

మన అక్షరాలకూ ఇంజిన్ ముఖ్యమే

ఉర్దూలో ‘సలామ్’ రాస్తే అక్షరాలు కుడి నుంచి ఎడమకు కలిసి నడవాలి. ఆ తెలివి లేని ఇంజిన్ సీన్, లామ్, అలిఫ్, మీమ్‌లను విడదీసి, తలకిందుల వరుసలో పెడుతుంది. తెలుగులో ‘అమ్మ’ రాస్తే మ కింద ఒత్తు పడక ‘అమ్‌మ’ అవుతుంది. యూనిటీలో చాలామంది వాడే టెక్స్ట్‌మెష్ ప్రోతో ఈ చిక్కు ఉంది, ఉర్దూ, అరబీలకు వేరే ప్లగిన్లు తెచ్చుకుంటారు. 2023 మార్చిలో వచ్చిన గొడో 4లో కుడి నుంచి ఎడమకు రాసే లిపులకు, మన ఒత్తులకు సౌకర్యం ఇంజిన్‌లోనే ఉంది. మన భాషల్లో పిల్లల గేమ్ చేయాలనుకునే యువత పని మొదలుపెట్టకముందే ఇది చూసుకోవాలి. సగం గేమ్ అయ్యాక ఇల్లు మారడం ఖరీదైన వ్యవహారం.

ఇంట్లో ఏం చూసుకోవాలి?

• గేమ్‌లో లాగిన్ సౌకర్యం ఉంటే అబ్బా లేదా అమ్మీ అకౌంట్‌తో కలిపి పెట్టండి. స్కోరు, కాయిన్లు ఫోన్‌లోనే ఉంటే, కొత్త ఇంజిన్ ఆ పాత ఫైలును చదవగలిగితేనే అవి దక్కుతాయి. కంపెనీ సర్వర్‌లో ఉంటే తిరిగి దొరికే అవకాశం ఎక్కువ.

• పాత యాప్‌కే అప్‌డేట్ వచ్చిందా, కొత్త యాప్ దించుకోమంటోందా చూడండి. కొత్త యాప్ అయితే పాతదాన్ని వెంటనే తీసేయొద్దు. లెవెళ్లు, కొన్నవి వచ్చాయో లేదో చూశాకే తీసేయండి.

• ‘కొత్త వెర్షన్’ అంటూ వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైలును నమ్మొద్దు. స్టోర్‌లో డెవలపర్ పేరు పాతదేనా చూసుకోండి.

• అప్‌డేట్ తర్వాత కాంటాక్టులు, మైక్, లొకేషన్ కొత్తగా అడుగుతుంటే, ఆటకు ఆ అవసరం ఏమిటో ఆలోచించి ‘అనుమతించు’ నొక్కండి.

• గేమ్ లోపల వస్తువులకు పెద్ద మొత్తం పెట్టకముందు ఒక్క మాట గుర్తుంచుకోండి: అవి కంపెనీ ఆ గేమ్‌ను నడిపినన్నాళ్లే ఉంటాయి.

కాయిన్లు పోయాయని పిల్లలు ఏడుస్తుంటే నవ్వేయకండి. వాళ్లకు అది నెలల తరబడి చేసిన కష్టం. గేమ్ సెట్టింగ్స్‌లో సపోర్ట్‌కు రాసే చోటు, పాత రసీదు వెతికి, పక్కన కూర్చుని వాళ్లతోనే ఫిర్యాదు రాయించండి.